మా అబ్బా బకెట్ తన్నలేదు



చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మా అబ్బా ఇంతెకాల్ అయి రెండు నెలలు దాటింది. ఇంటికొచ్చి, ఫోన్ చేసి పుర్సా ఇచ్చినవాళ్లకు, దువా చేసినవాళ్లకు అందరికీ షుక్రియా. ఇవాళ రాస్తున్నది అబ్బా గురించి కాదు. ఆయన పోయిన నాలుగో రోజున ఒక కాగితం మీదికెక్కిన ఇంగ్లీషు మాట గురించి.

జియారత్ అయిన మర్నాడు మా భాయిజాన్ కొడుకు బడికి వెళ్లాడు. ఏడో తరగతి. మూడు రోజులు రాలేదు కాబట్టి లీవ్ లెటర్ కావాలి. మయ్యత్ జరిగిన ఇల్లు, ఎవరి దిమాగూ ఠికానాలో లేదు. వాడే కూర్చుని రాసుకున్నాడు, భాభీ చదవకుండానే సంతకం పెట్టేసింది. వాడు రాసిన వాక్యం ఇది: 'మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ది బకెట్ ఆన్ మండే.'

టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది, క్లాసులో పైకి చదివింది. పిల్లలంతా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వీడికి తెలీదు. స్పెల్లింగ్ తప్పు రాశానేమో అనుకున్నాడట. ఇంటర్వెల్‌లో ఒకడు కుళాయి దగ్గరి బకెట్‌ను కాలితో తన్ని 'మీ తాత' అన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి వాడు అన్నం ముట్టలేదు. రాత్రి నా పక్కన పడుకుని, 'ఫుప్పూ, నేను దాదాజాన్‌ను గాలీ ఇచ్చానా?' అని అడిగాడు.

టీచరమ్మను తిట్టడానికి నేను ఈ ముక్క రాయడం లేదు. అది వేరే లెక్క, భాయిజాన్ వెళ్లి మాట్లాడి వచ్చాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ మాట వాడికి నేర్పింది నేను. సంవత్సరం కింద మా వంటింటి తలుపుకు ఒక చార్టు అతికించాను. నా దస్తూరీ. వంద ఇంగ్లీషు ముహావరాలు, ఎదురుగా వాటి మతలబ్. అందులో ఒక లైను: కిక్ ది బకెట్, గీత, చనిపోవు. అంతే. చనిపోవు.

నా నియత్ మంచిదే. సాయంత్రం నా దగ్గరికి పదిమంది పిల్లలు ట్యూషన్‌కు వస్తారు. రేపు వీళ్లు ఎస్సెస్సీ అనీ బ్యాంకు అనీ ఇమ్తెహాన్లకు కూర్చుంటారు, వాటిలో ఈడియమ్స్ మీద ప్రశ్నలు తప్పవు. మన కాలంలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ వెనక పేజీల్లో బట్టీ కొట్టినట్టే వీళ్లూ కొడతారు. అందుకని చార్టు. మా వాడికి వందకు వందా కంఠస్థం. వాడు రాసింది చార్టు ప్రకారం వందకు వంద సరైనది. తప్పల్లా చార్టులోనే ఉంది.

మన జబాన్‌లో చావుకు ఎన్ని మాటలున్నాయో చూడండి. ఇంతెకాల్ అంటాం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడం. వఫాత్ అంటాం. గుజర్ గయే అంటాం. అల్లాహ్‌కు ప్యారే అయ్యారు అంటాం. ఇవి పెద్దవాళ్లకు. అదే గల్లీ చివర కుర్రాళ్లు సినిమాలో విలన్ గురించి చెప్పుకునేటప్పుడు 'లుఢక్ గయా' అంటారు. తెలుగులోనూ అంతే. కన్నుమూశారు, కాలం చేశారు, పోయారు. విలన్ అయితే టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు.

బాల్చీ తన్నేశాడు! అదే మాట. ఇంగ్లీషు బకెట్టే మన తెలుగులోకి దిగి బాల్చీ అయినట్టుంది. మా వాడికి ఇది బాగా తెలిసిన మాట. సినిమాల్లో విన్నాడు, క్రికెట్లో వికెట్ పడితే వాడతాడు కూడా. 'దాదాజాన్ బాల్చీ తన్నేశాడు' అని వాడి నోట కలలో కూడా రాదు. ఇంకెవరైనా అంటే వాడే కొట్టడానికి వెళ్తాడు. 'కిక్ ది బకెట్' పక్కన నేను 'చనిపోవు' బదులు 'బాల్చీ తన్నేయడం' అని రాసి ఉంటే, ఆ లెటర్ అలా ఉండేదే కాదు. రెండు మాటల తేడా. ఆ రెండు మాటలకు నా మేనల్లుడు ముప్ఫైమంది ముందు నవ్వులపాలయ్యాడు.

ఇంకా బాధపెట్టే విషయం ఒకటుంది. ఆ మూడు రోజులూ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలో అడిగింది ఒకటే: 'కబ్ గుజ్రే?' ఇంగ్లీషువాళ్లు పెద్దల గురించి మర్యాదగా అనే 'పాస్డ్ అవే'లో ఉన్నదీ అదే బొమ్మ. గుజర్ జానా, దాటి వెళ్లడం. వాడికి కావలసిన ఇంగ్లీషు మాట ఉర్దూ షేర్వానీ వేసుకుని మూడు రోజులు వాడి చెవి దగ్గరే కూర్చుంది. వాడు దాని మొహం కూడా చూడకుండా తలుపు మీది చార్టు దగ్గరికి పోయాడు. ఎందుకంటే ఇంటి మాటకూ బడి మాటకూ ఏ తాల్లుకూ లేదని వాడికి మేమే నేర్పాం.

తర్వాత కూర్చుని ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన ఇంగ్లండులో బజారు మాటలకు ఒక నిఘంటువు వేశాడు. 'కిక్ ది బకెట్' అందులో అప్పటికే ఉంది. అంటే దాని ఖాన్‌దాన్ మొదటి నుంచీ బజారుదే, దర్బారుది కాదు. ఆ బకెట్ మన నీళ్ల బకెట్ కాకపోవచ్చునట కూడా. నార్ఫోక్ వైపు పల్లెల్లో, కోసిన పందిని వెనక కాళ్లతో వేలాడదీసే దూలాన్ని బకెట్ అనేవారట, ప్రాణం పోతూ కొట్టుకునే ఆ కాళ్లు దానికి తగులుతాయి కాబట్టి ఈ మాట వచ్చిందని నిఘంటువుల వాళ్లలో చాలామంది అంటారు. ఐదు పూటలా నమాజ్ చదివి, ఆఖరి రోజు కూడా వజూ కోసం నీళ్లడిగిన మనిషి మీద పడిన మాట ఇది. ఈ సంగతి నేను అమ్మీకి చెప్పలేదు. చెప్పను కూడా. మీలో మా ఇంటికి వచ్చేవాళ్లున్నారు, మీరూ చెప్పొద్దు.

ముహావరా అనే మాటనే తీసుకోండి. అది అరబీ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం సంభాషణ, ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం. పేరులోనే ఉంది కిటుకు. అది ఇద్దరి మధ్య పుట్టే వస్తువు. ఎవరు, ఎవరితో, ఏ మౌకాలో, నవ్వుతూనా ఏడుస్తూనా, ఇవన్నీ కలిస్తేనే ముహావరా. ఇవన్నీ తీసేసి ఎదురుగా ఒక అర్థం రాస్తే మిగిలేది ఎండిన చేప. నీళ్లలో వేసినా ఈదదు.

చందమామ సంగతి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. ఇంగ్లీషులో ఎప్పుడో గానీ జరగనిదాన్ని 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటారు. నా చార్టులో దాని ఎదురుగా 'అరుదుగా' అని ఉంది. మన ఇళ్లల్లో చాలా కాలానికి కనబడిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి 'క్యా మియాఁ, ఈద్ కా చాంద్ హోగయే!' అంటాం. మా పక్కింటి పెద్దమ్మ అయితే 'అమాసకో పున్నానికో కనబడతావే' అంటుంది. మూడు జబాన్లు, మూడింట్లోనూ చందమామే. కానీ ఒకే మాట కాదు. ఈద్ కా చాంద్‌లో ఎదురుచూపు ఉంది. ఇరవై తొమ్మిదో రోజు మగ్రిబ్ వేళ మిద్దెలెక్కి వెతికిన కళ్లున్నాయి. ఇష్టమైనవాళ్లనే అలా అంటాం, అప్పు వసూలుకు వచ్చినవాణ్ని అనం. అమాసా పున్నమీ నెలనెలా వస్తాయి, లెక్క ప్రకారం అరుదేమీ కాదు. అందులో ఉన్నది అలక. బ్లూ మూన్‌లో ఎదురుచూపూ లేదు, అలకా లేదు, ఉత్త లెక్క. ఎవరినైనా మీరు చాలా రోజులకు చూసి 'బ్లూ మూన్' అని పలకరిస్తే పాపం ఆ మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు.

ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారని మన పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. ఆ అర్థం 1946లో స్కై అండ్ టెలిస్కోప్ అనే అమెరికా పత్రికలో జరిగిన ఒక పొరపాటు నుంచి పాకింది, ముహావరా అంతకన్నా పాతది. ఆ లెక్కన రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది. ఇది చెబితే మా వాడు కాసేపు వేళ్లు లెక్కపెట్టి, 'ఫుప్పూ, మన రమ్‌జాన్ నెలలో బ్లూ మూన్ రాదు కదా' అన్నాడు. నిజమే! హిజ్రీ నెల చాంద్‌తోనే మొదలై ఇరవై తొమ్మిదికో ముప్ఫైకో ముగుస్తుంది, రెండు పున్నములకు చోటెక్కడిది? చార్టు చదివిన సంవత్సరమంతా వాడు ఇలాంటి మాట ఒక్కటీ అనలేదు.

ఇది విని కొందరు, 'అయితే ఇంగ్లీషు ముహావరా ప్రతిదాన్నీ ఉర్దూలోకి మార్చుకుంటే సరి' అనుకోవచ్చు. అలా కాదు. లఫ్జ్‌కు లఫ్జ్ మార్చితే ఇంకా పెద్ద గుంటలో పడతాం. ఇంగ్లీషువాడి కడుపులో సీతాకోకచిలుకలు తిరిగితే వాడికి కంగారుగా ఉందని. మన పేట్‌లో చూహే పరుగెడితే ఆకలని. తెలుగువాళ్ల కడుపులో ఎలుకలకూ అదే ఆకలి. నా ట్యూషన్ పిల్లల్లో సగంమంది బటర్‌ఫ్లైస్ అంటే ఆకలి అనే రాశారు. కడుపులో జంతువు తిరుగుతుంటే ఆకలి కాక ఇంకేమిటని వాళ్ల వాదన.

కాలు లాగడం ఇంకా ఖతర్నాక్. ఇంగ్లీషులో 'పుల్లింగ్ యువర్ లెగ్' అంటే ఉత్త తమాషా, నిన్ను ఆట పట్టిస్తున్నానంతే. మన టాంగ్ ఖీంచ్నాలో తమాషా కూడా ఉంది, పైకి వెళ్లేవాణ్ని కిందికి గుంజడమూ ఉంది. తెలుగులో కాళ్లు పట్టి లాగడమంటే ఇక తమాషా అసలే లేదు. మా ఖాలా కొడుకు గల్ఫ్‌లో కొత్తగా నౌకరీలో చేరినప్పుడు వాళ్ల ఇంగ్లీషు సూపర్‌వైజర్ ఏదో అని, నవ్వి, 'ఐయామ్ జస్ట్ పుల్లింగ్ యువర్ లెగ్' అన్నాడట. ఇతనికి ఆ రాత్రి నిద్ర లేదు. నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నాననీ, అదీ మొహం మీదే చెప్పాడనీ ఇంటికి ఫోన్ చేశాడు. ఖాలా ఇక్కడ రెండు రకాతులు నఫిల్ చదివింది. ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, అప్పుచేసి వీసా తీసుకుని వెళ్లిన పిల్లవాడికి ఆ రాత్రి నవ్వులాట కాదు.

లఫ్జీ తర్జుమాకూ బాముహావరా తర్జుమాకూ తేడా మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఢిల్లీలో షా వలీఉల్లాహ్ కొడుకుల్లో ఇద్దరు ఖురాన్‌ను ఉర్దూలోకి తెచ్చారు. అన్న షా రఫీఉద్దీన్‌ది లఫ్జ్ వెంట లఫ్జ్ నడిచే తర్జుమా. తమ్ముడు షా అబ్దుల్ ఖాదిర్‌ది జనం మాట్లాడుకునే తీరులో సాగే తర్జుమా. ఒకే ఇంట్లో రెండూ జరిగాయి, ఎందుకంటే రెంటికీ పని వేరు. మనం పిల్లల చేతికిచ్చే చార్టు ఈ రెంటిలో ఏదీ కాదు. లఫ్జులూ చెప్పదు, తీరూ చెప్పదు.

'అంతా బాగుంది ఆపా, కానీ ఇమ్తెహాన్‌లో నాలుగు జవాబులిచ్చి ఒకటి టిక్కు పెట్టమంటారు, దానికి చార్టు చాలు కదా' అని ఒక తల్లి నాతో అంది. చాలు. నేను కాదనను. టిక్కు పెట్టడానికి చార్టు చాలు. కానీ మన పిల్లలు టిక్కులు పెట్టి ఊరుకోవడం లేదు. లీవ్ లెటర్లు రాస్తున్నారు, ఇంటర్వ్యూల్లో మాట్లాడుతున్నారు, రేపు ఇంకొకరి మయ్యత్‌కు మెసేజ్ పెడతారు.

పైగా చార్టు చదివిన పిల్లలకు ఇంకో జబ్బు వస్తుంది. నేర్చుకున్నవన్నీ ఒకే వ్యాసంలో కుమ్మరిస్తారు. వర్షాకాలం మీద పది లైన్లు రాయమంటే మొదటి లైన్లోనే కుక్కలూ పిల్లులూ కురుస్తాయి. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' జోనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చు వేయించిన ఒక పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం పెద్దింటి వాళ్లు కూర్చుని అరిగిపోయిన మాటలే తిప్పితిప్పి మాట్లాడుకుంటారని వెక్కిరిస్తూ రాసింది. అంటే అప్పటికే ఆ మాట అరిగిపోయింది! మనం దాన్ని ఇప్పుడు కొత్త చొక్కాలా తొడుగుతున్నాం. మన మూస్లాధార్ బారిష్‌లో రోకలి ఉంది, రోకళ్లంత లావు ధారలు. తెలుగు కుండపోతలో కుండ ఉంది. మన పిల్లలు రోకలి చూసి ఎరుగుదురా అంటే, ఏమో. కుక్కలు పడడం మాత్రం ఎవరూ చూడలేదు. ఇంగ్లీషులో పెద్ద వాన అని చెప్పాలంటే 'ఇట్స్ పోరింగ్' అంటే సరిపోతుంది, కుండపోతకు అదే దగ్గరి చుట్టం కూడా. కూరగాయలకు వెళ్లేటప్పుడు షేర్వానీ ఎందుకు?

ఇక మన ఇళ్ల సంగతి. ఇది రాయడం నాకు కొంచెం కష్టంగానే ఉంది. మిర్ఆతుల్ ఉరూస్ పేరు మీలో చాలామంది అమ్మమ్మల నోట విని ఉంటారు, అక్బరీ అస్గరీల కథ. డిప్టీ నజీర్ అహ్మద్ దాన్ని తన ఇంటి ఆడపిల్లలు చదువుకోవడానికి రాశాడు, 1869లో అచ్చయింది. ఆ పుస్తకం ఇన్నాళ్లు బతికింది అందులోని ఆడవాళ్ల మాటతీరు వల్ల. ఢిల్లీ సంగతి వదిలేయండి, మన కర్నూలు, కడప, గుంటూరు ఇళ్లలోనూ ముహావరా బతికింది ఆడవాళ్ల నోట్లోనే. మా అమ్మీకి కోపమొస్తే ఒక ముహావరా, ప్రేమొస్తే ఒకటి, కూర మాడితే ఒకటి. మరి మేమేం చేశాం? పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చేరిన రోజు నుంచి, 'అమ్మీ, వాడితో కైకు నక్కో అని మాట్లాడకు, బడిలో నవ్వుతారు' అన్నాం. ఆ మాట అన్నది నేనే. అమ్మీ ఏమీ అనలేదు. అప్పటి నుంచి మనవడితో 'ఈట్', 'కమ్', 'గో' అని మాట్లాడుతోంది. నలభై ఏళ్లు మొహల్లా మొత్తాన్ని మాటలతో ఆడించిన మనిషి, మూడు మాటల దగ్గర ఆగిపోయింది. బడిలో నవ్వుతారని ఇంట్లో మాట మాన్పించాం. చివరికి బడిలో నవ్వింది ఏ మాటకో చూశారుగా.

చార్టు చించేశాను. దాని జిగురు మరక ఇంకా తలుపు మీదే ఉంది.

అమ్మీ ఇప్పుడు ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు, ఇంకా సగం ఉంది. మగ్రిబ్ తర్వాత ఆమె తఖ్త్ మీద కూర్చుంటుంది, నా ట్యూషన్ పిల్లలు కింద. నేను ఒక ఇంగ్లీషు ముహావరా చెప్పి, అది ఎవరు ఎప్పుడు ఎవరితో అంటారో చిన్న కథలా చెబుతాను. అమ్మీ దానికి జోడీ వెతుకుతుంది. పక్కింటి పెద్దమ్మ ఉంటే తెలుగుది చెబుతుంది. 'పీస్ ఆఫ్ కేక్' అన్న రోజు అమ్మీ 'బాయేఁ హాథ్ కా ఖేల్' అంది, పెద్దమ్మ 'నల్లేరు మీద బండి నడక' అంది. నల్లేరు అంటే ఏమిటని పిల్లలు అడిగితే పెద్దమ్మ మర్నాడు వాళ్ల పెరటి కంచె నుంచి ఒక తీగ తెంపుకొచ్చింది. కొన్నింటికి జోడీ దొరకదు. దొరకలేదని రాసుకుంటాం. రోజుకు రెండు మించవు. వంద కావాలంటే రెండు నెలలు పడుతుంది, పట్టనీ. మా వాడు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీశాడు, నాలుగో గడి వాడే పెట్టాడు: 'ఎవరితో అనకూడదు'.

మొన్న 'బ్రేక్ ఎ లెగ్' వచ్చింది. స్టేజీ ఎక్కబోయేవాడికి బాగా చేయమని చెప్పే మాట అన్నాను. అమ్మీ తస్బీ పక్కన పెట్టేసింది. 'ఖుదా న ఖాస్తా! పిల్లవాడు బయటికి వెళ్తుంటే టాంగ్ తోడ్‌లే అంటారా? ఎవరా దుష్మన్?' నాటకాల వాళ్లకు మంచి కోరితే చెడు జరుగుతుందని భయమనీ, అందుకే తిరగేసి చెబుతారని అంటారనీ చెప్పాను. అమ్మీ కాసేపు ఆలోచించింది. 'అంటే నజర్ తగలకుండా అన్నమాట. మనం పిల్ల బుగ్గ మీద కాటుక చుక్క పెట్టినట్టు.'

అవునన్నాను.

'అయితే సరే. రాసుకో బేటా,' అంది మనవడితో. 'నాలుగో గళ్లో మీ దాదీ పేరు రాయి. నాతో మాత్రం అనొద్దు, నాకు అసలే మోకాళ్ల నొప్పులు.'